పెట్టె మీద 20 హెర్ట్జ్.. చెవిదాకా చేరేది ఎంత?

పీఎంపీవో అనే మాట గుర్తుందా? ఒకప్పుడు అసెంబుల్డ్ హోమ్ థియేటర్ల అట్టపెట్టెల మీద ‘5,000 వాట్స్ పీఎంపీవో’ అని పెద్దక్షరాల్లో ఉండేది. ఆ సెట్టు ప్లగ్గు పెట్టేది మాత్రం గోడకున్న మామూలు 6 ఆంపియర్ల సాకెట్లో. 230 వోల్టుల్ని 6తో గుణిస్తే 1,380 వాట్లు. గోడ ఇవ్వగలిగిందే అంతయితే పెట్టె 5,000 ఎక్కణ్నుంచి తెస్తుంది?

ఆ మాట ఇప్పుడు చాలావరకు పోయింది. దాని జాగాలోకి కాస్త పెద్దమనిషి తరహా అంకెలు వచ్చాయి. ‘పీక్ పవర్ 300 వాట్లు’, ‘8 అంగుళాల డ్రైవర్’, ‘20–200 హెర్ట్జ్’. వీటిని అబద్ధాలనలేం. కానీ పాతికవేలో నలభైవేలో చేతిలో పెట్టుకుని సబ్‌ఊఫర్ కొనడానికి బయల్దేరిన మనిషికి వీటివల్ల తెలిసేది చాలా తక్కువ. తెలియాల్సింది మూడు ముక్కలున్న ఒకే ప్రశ్నకు జవాబు: ఎన్ని హెర్ట్జ్ దగ్గర, ఎన్ని డెసిబెల్స్, ఎంత డిస్టార్షన్‌తో? ఇందులో ఏ ముక్క తీసేసినా మిగిలినవాటికి అర్థం లేదు. ఆ జవాబు దొరికాక కూడా సగం పనే అయినట్టు. మిగతా సగం మన గది చేతిలో ఉంది.

ముందుగా, అసలెంత కిందికి కావాలి? నాలుగు తీగల బేస్ గిటార్‌లో అట్టడుగు స్వరం 41 హెర్ట్జ్. అయిదు తీగలదైతే 31. పియానోలో ఎడమ చివరి మెట్టు 27.5. సి శ్రుతిలో, అంటే సుమారు 131 హెర్ట్జ్ షడ్జంతో పాడే గాయకుడి పక్కన మృదంగం తొప్పి ఇంచుమించు ఒక స్థాయి కింద, 65 దగ్గర మోగుతుంది. కాబట్టి కచేరీలు, పాత సినిమా పాటలు వినేవారికి 40 హెర్ట్జ్ దాకా శుభ్రంగా వచ్చే పెట్టె చాలు. కొత్త పాటల్లో సింథ్ బేస్ 30ల్లోకి దిగుతుంది. పేలుళ్లు, భవనాలు కూలడం లాంటి సినిమా ఎఫెక్టులు 20ల్లోకి పోతాయి. ఈ బడ్జెట్‌లో నా సలహా ఒకటే: 20 కోసం వెంపర్లాడకండి, 30 హెర్ట్జ్ నిజాయతీగా ఇచ్చేదాన్ని వెతకండి. ఎందుకో లెక్క చూస్తే తెలుస్తుంది.

గాలిని నెట్టే లెక్క

సబ్‌ఊఫర్ చేసే పని గాలిని ముందుకీ వెనక్కీ నెట్టడం. ఎంత గాలి నెడుతుందన్నది రెండింటి మీద ఆధారపడుతుంది. ఒకటి కోన్ వైశాల్యం, రెండోది ఆ కోన్ అదుపు తప్పకుండా ఎన్ని మిల్లీమీటర్లు కదలగలదన్నది. 8 అంగుళాల కోన్ వైశాల్యం సుమారు 215 చదరపు సెంటీమీటర్లు, 10 అంగుళాలది 330, 12 అంగుళాలది 480. అంగుళాల్లో ఒకటిన్నర రెట్లే అయినా, 8కీ 12కీ మధ్య వైశాల్యంలో రెండు రెట్లకు పైగా తేడా ఉంది.

ఇక్కడ భౌతికశాస్త్రం ఒక కఠినమైన షరతు పెడుతుంది. ఫ్రీక్వెన్సీ సగానికి తగ్గినప్పుడు అంతే శబ్దం రావాలంటే నాలుగు రెట్లు గాలి కదలాలి. అంటే కోన్ కదలికకు హద్దు ఉంది గనుక, ప్రతి స్థాయి కిందికి 12 డెసిబెల్స్ చొప్పున గరిష్ఠ శబ్దం పడిపోతుంది. మూసిన పెట్టెను ఆరుబయట నేల మీద పెట్టి, మీటరు దూరంలో కొలిచామనుకుందాం. 6 మిల్లీమీటర్లు అటూ ఇటూ కదిలే 8 అంగుళాల డ్రైవర్ 40 హెర్ట్జ్ దగ్గర 95 డెసిబెల్స్ ఇస్తుంది. 30 దగ్గర అది 90కి, 20 దగ్గర 83కి దిగుతుంది. 10 మిల్లీమీటర్లు కదిలే 12 అంగుళాల డ్రైవర్ అవే మూడు చోట్ల 106, 101, 94 ఇస్తుంది.

ఆ 83ని మళ్లీ ఒకసారి చూడండి. అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌వో 226 ప్రకారం 20 హెర్ట్జ్ శబ్దం మనిషి చెవికి వినిపించడం మొదలయ్యేదే సుమారు 78 డెసిబెల్స్ దగ్గర. అంటే ఆ 8 అంగుళాల పెట్టె తన శక్తినంతా ధారపోసినా వినపడీ వినపడనట్టే ఉంటుంది. అయినా దాని అట్ట మీద ‘20 హెర్ట్జ్’ అని రాయొచ్చు. శబ్దం వచ్చింది నిజమే కదా! గది గోడలు కొంత సాయం చేస్తాయి, పెట్టెకు పోర్ట్, అంటే గాలి వచ్చిపోయే గొట్టం, ఉంటే ఇంకొంత కలిసొస్తుంది. కానీ 12 అంగుళాలదానితో ఉన్న 11 డెసిబెల్స్ తేడాను అవి పూడ్చలేవు.

ఇంట్లో ఎంత శబ్దం కావాలో కూడా చూద్దాం. సినిమా మిక్సింగ్ ప్రమాణంలో మామూలు చానెళ్లు గరిష్ఠంగా 105, ఎల్‌ఎఫ్‌ఈ అనే ప్రత్యేక బేస్ చానెల్ 115 డెసిబెల్స్ చేరాలి. ఇళ్లలో ఎవరూ అంత పెట్టరు. దానికి 15–20 డెసిబెల్స్ తక్కువ పెట్టుకుంటే మనం కూర్చునే చోట 95 నుంచి 100 చాలు. పై లెక్కతో పోల్చుకుంటే, సినిమాలు ప్రధానమైతే 12 అంగుళాలు లేదా మంచి పోర్ట్ ఉన్న 10 అంగుళాలు కావాలి. పడగ్గదిలో సంగీతానికైతే 8 అంగుళాలతోనూ గౌరవంగా నెట్టుకురావచ్చు.

మరి వాట్లో? పవర్ రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్స్. శబ్దం రెట్టింపైనట్టు చెవికి అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ పెరగాలి, అంటే పది రెట్ల పవర్. 100 వాట్ల పెట్టెకూ 150 వాట్ల పెట్టెకూ తేడా 1.8 డెసిబెల్స్. దానికోసం అయిదారు వేలు అదనంగా పెట్టడం దండగ. పైగా ‘50 వాట్లు’ అన్నదాని పక్కనే చిన్నక్షరాల్లో ‘100 హెర్ట్జ్ దగ్గర, 10 శాతం డిస్టార్షన్‌తో’ అని ఉండటం కద్దు. సబ్‌ఊఫర్ అసలు పని చేయాల్సింది 100కి కిందనయితే, దాని పవర్‌ను అక్కడ కొలవడం ఏం లెక్కో!

స్పీకర్లు తయారుచేసేవాళ్లు హాఫ్‌మన్ ఉక్కు సూత్రం అని ఒకటి చెబుతారు. కేఎల్‌హెచ్ కంపెనీ పేరులో ‘హెచ్’ ఈ ఆంటన్ హాఫ్‌మనే. చిన్న పెట్టె, లోతైన బేస్, తక్కువ పవర్‌కే ఎక్కువ శబ్దం.. ఈ మూడింట్లో రెండే దక్కుతాయి. పెళ్లి బరాత్‌లో లారీ మీద చూసే డీజే బాక్సు పెద్దది, కొద్ది పవర్‌కే ఊరంతా దద్దరిల్లుతుంది. అయితే అలాంటివాటిని సాధారణంగా 40 హెర్ట్జ్ పరిసరాల్లో ట్యూన్ చేస్తారు, ఆ కిందికి వెళ్తే ఒక్కసారిగా చతికిలబడతాయి. ఇంటికి తెచ్చుకుంటే గుండె అదురుతుంది గానీ సినిమాలో భూకంపం రాదు. కారు సబ్‌ఊఫర్ డ్రైవర్ కొని వడ్రంగితో పెట్టె చేయించుకునేవాళ్లకూ ఒక హెచ్చరిక. కారు లోపలి ఇరుకు చోటు అట్టడుగు ఫ్రీక్వెన్సీలను దానంతటదే పెంచుతుంది, ఆ డ్రైవర్ దాన్ని నమ్ముకునే తయారైంది. హాల్లో ఆ సాయం ఉండదు.

మూసిన పెట్టెనా, పోర్ట్ ఉన్నదా?

మూసిన పెట్టె తన హద్దు దాటాక స్థాయికి 12 డెసిబెల్స్ చొప్పున నెమ్మదిగా తగ్గుతుంది. పోర్ట్ ఉన్నది ట్యూన్ చేసిన ఫ్రీక్వెన్సీ దాకా గట్టిగా నిలబడి, ఆ తర్వాత 24 చొప్పున పడిపోతుంది. అమెరికా కంపెనీ ఎస్‌వీఎస్ తయారీలో ఈ రెండు రకాలకూ ఒక చక్కని జంట ఉంది. ధర మన బడ్జెట్‌కు పైనే, పోలికకు మాత్రం పనికొస్తుంది. ఎస్‌బీ-1000 ప్రో మూసిన పెట్టె, పీబీ-1000 ప్రో పోర్ట్ ఉన్నది. రెండింట్లోనూ 12 అంగుళాల డ్రైవర్, 325 వాట్ల ఆర్‌ఎంఎస్ యాంప్లిఫయర్. మొదటిది 20 నుంచి 270 హెర్ట్జ్ దాకా, రెండోది 17 నుంచి 260 దాకా, రెండూ ప్లస్ ఆర్ మైనస్ 3 డెసిబెల్స్ లోపు అని కంపెనీ చెబుతుంది. కాగితం మీద 3 హెర్ట్జ్ తేడా. వాల్యూమ్ పెంచినప్పుడు అడుగున తేలే తేడా అంతకన్నా చాలా ఎక్కువ. ఎందుకంటే ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్ ఎక్కడిదాకా సమంగా వస్తుందో చెబుతుంది, ఎంత గట్టిగా అన్నది చెప్పదు.

ఆ ‘ప్లస్ ఆర్ మైనస్ 3’ అనే మాట ఉందా లేదా అన్నది స్పెక్ షీట్‌లో మొదట చూడాల్సిన సంగతి. కొన్ని కంపెనీలు మైనస్ 10 డెసిబెల్స్ దగ్గరి అంకె ఇస్తాయి. ‘28 హెర్ట్జ్, మైనస్ 10’ అంటే అక్కడ శబ్దం చెవికి సగానికి పడిపోయిందని. ఆ పెట్టె నిజంగా సమంగా వాయించేది ఇంకా పైన ఎక్కడో మొదలవుతుంది. ఏమీ రాయకుండా ఉత్తి ‘25–150’ అని వదిలేస్తే దాన్ని లెక్కలోకే తీసుకోవద్దు.

సీఈఏ-2010 అనే కొలత ఉంటే అది బంగారం. 20, 25, 31.5, 40, 50, 63 హెర్ట్జ్ దగ్గర చిన్న చిన్న శబ్దపు తునకలు వాయిస్తూ, డిస్టార్షన్ ఒప్పుకోదగ్గ హద్దు దాటకుండా గరిష్ఠంగా ఎన్ని డెసిబెల్స్ వస్తాయో చూస్తారు. మన మూడు ముక్కల ప్రశ్నకు సూటి జవాబు ఇదే. ఒక్క మెలిక ఉంది. కొందరు మీటరు దూరంలో పీక్ విలువ ఇస్తారు, కొందరు రెండు మీటర్ల దూరంలో ఆర్‌ఎంఎస్ ఇస్తారు. దూరానికి 6, పీక్‌కు 3, కలిపి 9 డెసిబెల్స్ తేడా. రెండు పెట్టెల్ని పోల్చే ముందు రెండూ ఒకే పద్ధతిలో ఉన్నాయో లేదో చూసుకోవాలి.

డిస్టార్షన్ ఎంత ముఖ్యమో ఒక లెక్కతో చూద్దాం. మధ్యస్థాయి వాల్యూమ్‌లో 40 హెర్ట్జ్ శబ్దం 94 డెసిబెల్స్ దగ్గర ఎంత గట్టిగా వినిపిస్తుందో, 120 హెర్ట్జ్ శబ్దం సుమారు 76 దగ్గరే అంత గట్టిగా వినిపిస్తుంది. చెవి పైనున్నదాన్ని అంత తేలిగ్గా పట్టుకుంటుంది. ఇప్పుడు మీ పెట్టె 40 హెర్ట్జ్‌ను 94 దగ్గర వాయిస్తూ, 10 శాతం మూడో హార్మోనిక్, అంటే మూడింతల ఫ్రీక్వెన్సీ ఉన్న శబ్దం, కలిపిందనుకోండి. 10 శాతం అంటే 20 డెసిబెల్స్ తక్కువ. అంటే 120 హెర్ట్జ్ దగ్గర 74. అసలు స్వరంతో దాదాపు సమానంగా నకిలీ స్వరం! కింది స్వరం పైదాన్ని కొంత కప్పేస్తుంది గనుక మరీ అంత ఘోరంగా వినపడదు. అయినా ‘బేస్ దుమ్ము రేపుతోంది’ అని మురిసిపోయే చాలా చౌక పెట్టెల్లో మనం వింటున్నది బేస్ కాదు, ఈ నకిలీ స్వరాలే.

మీ గది అంకె: 565 భాగించు అడుగులు

ఇక అసలు కథ. 40 హెర్ట్జ్ తరంగం పొడవు 8.6 మీటర్లు, 20 హెర్ట్జ్‌ది 17 మీటర్లు. మన గదుల్లో ఇవి పట్టవు. ఎదురెదురు గోడల మధ్య కొట్టుకుంటూ కొన్ని ఫ్రీక్వెన్సీల దగ్గర పోగుపడతాయి, కొన్ని చోట్ల ఒకదాన్నొకటి చంపుకుంటాయి. ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర అన్నది తేలిగ్గా తెలుసుకోవచ్చు. 565ను గది కొలత అడుగులతో భాగించండి. 14 అడుగుల పొడవుకు 40 హెర్ట్జ్, 11 అడుగుల వెడల్పుకు 51, 10 అడుగుల ఎత్తుకు 56. మీ గది వెడల్పు కూడా 10 అడుగులే అయితే వెడల్పూ ఎత్తూ కలిసి 56 దగ్గర జంటగా మోగుతాయి. ఏ పాట పెట్టినా ఒకే ‘బుమ్’ వస్తోందని పెట్టెను తిట్టుకుంటాం. తప్పు దానిది కాదు.

అమెరికన్ రివ్యూలు చదివి కొనేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. వాళ్ల ఇళ్లలో చాలావరకు చెక్క చట్రానికి బిగించిన జిప్సమ్ పలకల గోడలు. బేస్ తగిలితే అవి కొంచెం కదిలి కొంత శక్తిని మింగేస్తాయి. మనవి ఇటుక గోడలు, కాంక్రీట్ శ్లాబు, కింద గ్రానైటో టైల్సో. ఏదీ కదలదు, ఏదీ మింగదు. అందుకే మన గదుల్లో శిఖరాలు మరింత ఎత్తుగా, లోయలు మరింత లోతుగా ఉంటాయి. దీనికో మంచి పార్శ్వం కూడా ఉంది. తలుపులు మూసిన ఇటుక గదిలో, ఆ మొదటి అంకెకు (మన ఉదాహరణలో 40కి) దిగువన గది మొత్తం ఒత్తిడి పాత్రలా పనిచేసి బేస్‌ను పైకెత్తుతుంది. మూసిన పెట్టె స్థాయికి 12 చొప్పున తగ్గుతూ వస్తుంటే గది దాన్ని కొంత భర్తీ చేస్తుంది. కాబట్టి తలుపు వేసుకునే గదికి మూసిన పెట్టె, డైనింగూ వంటగదీ కలిసిపోయిన తెరిచిన హాలుకు పోర్ట్ ఉన్న పెట్టె. పొరుగువాళ్ల సలహాల కన్నా ఈ ఒక్క తేడా పట్టించుకుంటే చాలు.

సోఫా సంగతి చెప్పకుండా ముందుకు పోలేం. మన ఇళ్లలో సోఫా వెనక గోడకు ఆనుకునే ఉంటుంది. గోడ దగ్గర ప్రతి ఫ్రీక్వెన్సీ పోగుపడుతుంది గనుక అక్కడ బేస్ ఉబ్బిపోతుంది. సరిగ్గా గది మధ్యలో కూర్చుంటే మొదటి అంకె దగ్గర, అంటే 40 దగ్గర, లోయలో పడతాం. సోఫాను గోడకు రెండు మూడు అడుగులు ముందుకు జరిపితే పైసా ఖర్చు లేకుండా వచ్చే మార్పు, ఇంకో పదివేలు పెట్టి కొన్న పెట్టెతో రాకపోవచ్చు. ఇంట్లోవాళ్లను ఒప్పించే బాధ్యత మాత్రం మీదే.

లోయను ఈక్వలైజర్‌తో పూడ్చాలని చూడకండి. 12 డెసిబెల్స్ లోయకు 16 రెట్లు పవర్ కావాలి, అదీ పోసినకొద్దీ మళ్లీ అక్కడే రద్దయిపోతుంది. శిఖరాన్ని కోయడం మాత్రం సులువు, మేలు కూడా. పెట్టెను ఎక్కడ పెట్టాలో తెలుసుకోవడానికి పాత చిట్కా ఒకటి ఇప్పటికీ నమ్మదగ్గది. సబ్‌ఊఫర్‌ను మీరు కూర్చునే సీటులో పెట్టి, బేస్ గిటార్ మెట్లు ఎక్కి దిగే పాట ఒకటి వేసి, గోడల వెంట మోకాళ్ల మీద పాకండి. అన్ని స్వరాలూ సమంగా వినిపించే చోటు దొరికితే పెట్టె స్థానం అదే. చూసేవాళ్లు నవ్వితే నవ్వనివ్వండి.

కొలిచి చూసుకోవాలనుకునేవారికి రూమ్ ఈక్యూ విజార్డ్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. దానికి కాలిబ్రేషన్ ఫైల్‌తో వచ్చే యూఎస్‌బీ మైక్ ఒకటి కావాలి. ఒక్కరే వినే గదైతే బడ్జెట్‌లో కొంత దీనికి మిగుల్చుకోమంటాను. నలుగురు కూర్చునే హాలైతే డబ్బు రెండు పెట్టెలకు పెట్టండి. హార్మన్ ఇంజనీర్ టాడ్ వెల్టి 2002లో ఇదే ప్రశ్న వేసుకుని లెక్కగట్టాడు. ఎదురెదురు గోడల మధ్యలో ఒక్కోటి చొప్పున పెట్టిన రెండు సబ్‌ఊఫర్లు సీటుకూ సీటుకూ మధ్య తేడాను బాగా తగ్గిస్తాయని తేల్చాడు. కాబట్టి ఒక పెద్దదాని ధరకు ఒకే మోడల్‌వి రెండు 10 అంగుళాలు వస్తుంటే ఆలోచించదగ్గ బేరమే. రెండూ ఒకే తాళంలో కదిలితే 6 డెసిబెల్స్ అదనం.

కొట్టులో, ఆ తర్వాత ఇంట్లో

కోఠి గుజరాతీ గల్లీలో అయినా, మాల్‌లో అయినా అమ్మేవాడు వేసే డెమో పాటకు పడిపోకండి. 50, 60 హెర్ట్జ్ దగ్గర గట్టిగా కొట్టే పాట ఏ పెట్టెలోనైనా బ్రహ్మాండంగానే ఉంటుంది. ఫోన్లో 63, 50, 40, 30 హెర్ట్జ్ టోన్లు దాచుకుని వెళ్లి, తక్కువ వాల్యూమ్‌తో మొదలుపెట్టి ఒక్కొక్కటే వేయమనండి. 40 నుంచి 30కి దిగినప్పుడు శబ్దం మెల్లగా తగ్గితే మంచిదే. స్వరం పైకి పోయినట్టు, సన్నగా బుర్రుమన్నట్టు వినిపిస్తే అది డిస్టార్షన్. పోర్ట్ దగ్గర చెయ్యి పెట్టి ‘ఫుస్’మని గాలి చప్పుడు వస్తోందేమో వినండి. ఆ తర్వాత పాటేమీ లేకుండా ఆన్ చేసి ఉంచమనండి. మన కరెంటు 50 హెర్ట్జ్. ఎర్తింగ్ సరిగా లేకపోయినా, యాంప్లిఫయర్ నాసిదైనా వచ్చే హమ్ 50, 100 హెర్ట్జ్ దగ్గర, అంటే సరిగ్గా సబ్‌ఊఫర్ రాజ్యంలోనే పడుతుంది.

క్రాసోవర్‌ను, అంటే సబ్‌ఊఫర్‌కూ మిగతా స్పీకర్లకూ పని పంచే హద్దును, 80 హెర్ట్జ్ దగ్గర పెట్టి మొదలుపెట్టండి. మూడంగుళాల బుల్లి స్పీకర్లతో వచ్చే 5.1 సెట్లలో అది 150కి పైన ఉంటుంది, తప్పదు. మగవాళ్ల మాటలో మూలస్వరం కూడా ఆ పరిధిలోదే కాబట్టి హీరో డైలాగు తెర మీంచి కాకుండా మూలనున్న పెట్టెలోంచి వస్తుంది.

చివరిగా ఫోన్ యాప్‌తో శబ్దం కొలిచేవాళ్లకు. చాలా యాప్‌లు డీబీ(ఏ)లో చూపిస్తాయి. ఆ ఏ-వెయిటింగ్ 40 హెర్ట్జ్ దగ్గర 34.6 డెసిబెల్స్ కోసేస్తుంది. అంటే అక్కడ 90 డెసిబెల్స్ మోగుతుంటే తెర మీద 55 కనిపిస్తుంది. మన శబ్దకాలుష్య నిబంధనల్లో నివాస ప్రాంతాలకు పగలు పరిమితి సరిగ్గా 55 డీబీ(ఏ), రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా 45. మీటరు హద్దులోనే ఉందన్న ధీమాతో ఉంటే శ్లాబు అవతలి కుటుంబం నిద్ర మాత్రం పాడవుతుంది. యాప్‌లో సీ-వెయిటింగ్ ఉంటే దానికి మార్చుకోండి, 40 దగ్గర అది కోసేది 2 డెసిబెల్సే. రాత్రిపూట రిసీవర్‌లో డైనమిక్ రేంజ్ తగ్గించే నైట్ మోడ్ వేసుకుని, పెట్టె కింద మందపాటి ఫోమ్ ప్యాడ్ ఒకటి పెట్టుకోండి. ప్యాడ్ వల్ల నేల అదరడం తగ్గుతుంది. గాలిలోంచి వెళ్లే 40 హెర్ట్జ్‌ను మాత్రం వాల్యూమ్ బటనే ఆపగలదు.